తెల్లగా వదిలిన పేట

ఊళ్లు వాటంతట అవే పెరుగుతాయని, వాటిని ఎవరూ గీయరని చాలామంది నమ్మకం. మచిలీపట్నంలోని ఒక కళాశాలలో ఇరవై ఆరేళ్లు భూగోళశాస్త్రం బోధించిన శారదాంబగారు కూడా దాదాపు అదే చెప్పారు. మధ్యలో బజారు, దాని చుట్టూ పాత ఇళ్లు, వాటికి వెలుపల కొత్త కాలనీలు. పట్టణం వలయాలుగా విస్తరిస్తుందని పాఠం. ఆమె కోనేరు సెంటరును కేంద్రంగా పెట్టి బోర్డు మీద వలయాలు గీసేవారు. చివరి వలయం సగం సముద్రంలో పడేది. "అక్కడెవరుంటారు మేడం?" అని వెనక బెంచీలోంచి ఏటా ఎవరో ఒకరు అడిగేవారు. "హాజరు లేనివాళ్లకి కేటాయించార్రా, నీ పేరుంది చూసుకో" అనేవారు ఆమె.

ఆమె గొప్ప పండితురాలు కారు. కొత్త సిద్ధాంతమేదీ చేయలేదు. అయితే పుస్తకంతో సరిపెట్టుకోక, ఏటా జనవరిలో విద్యార్థులను వెంటబెట్టుకొని పట్టణమంతా నడిచేవారు. ఇంటికి పసుపు, దుకాణానికి నీలం, కార్ఖానాకు ఊదా, పొలానికి ఆకుపచ్చ. ఏటికొక పటం. పదవీ విరమణ నాటికి ఆమె తనదని చూపించుకోగలిగినవి ఆ ఇరవై ఆరు పటాలే.

ఒక్క చోట రంగు కుదిరేది కాదు. అది కాలవ అవతలి వలలపేట. అక్కడ ఒకే వాకిట్లో చేపలు ఎండేవి, వాటి బేరమూ అక్కడే జరిగేది, చిరిగిన వలలు అక్కడే బాగయ్యేవి; మధ్యాహ్నం అదే పందిరి నీడలో పిల్లలు నిద్రపోయేవారు.

"దీనికి ఏ రంగు వెయ్యాలి మేడం?"

"తెల్లగా వదిలెయ్యండి. తెలుపంటే ఖాళీ అని కాదు, ఇంకా అడగాలని. సాయంత్రం వాళ్లు తీరిగ్గా ఉన్నప్పుడు వచ్చి అడుగుదాం."

సాయంత్రానికి పిల్లలు గుడివాడ బస్సో అవనిగడ్డ బస్సో అందుకోవడానికి పరుగెత్తేవారు. ఇరవై ఆరేళ్లూ అంతే జరిగింది. పటం అడుగున రంగుల అర్థం చెప్పే పట్టికలో తెలుపు గురించి ఆమె ఒక్కసారీ రాయలేదు. నోటితో చెప్పింది చాలుననుకున్నారు.

చెప్పినదాన్ని అందరికన్నా శ్రద్ధగా విన్నవాడు శ్రీహర్ష. తర్వాతి తరగతుల పిల్లలకు తెలుపు నియమాన్ని వివరించింది కూడా అతనే. చదువు ముగించి, పట్టణ ప్రణాళికలు తయారుచేసే ఒక ప్రైవేటు సంస్థలో చేరాడు. ఆమె పదవీ విరమణ చేసిన మరుసటి ఏడు ఇంటికొచ్చి పటాలు అడిగాడు. "ఇవి బీరువాలో ఉండాల్సినవి కావు మేడం" అన్నాడు. ఆమె ఇన్నేళ్లుగా ఎవరైనా అనాలని ఎదురుచూసిన మాట అది. పటాలన్నీ ఇచ్చారు. నకళ్లు తీసుకొని, వారంలోనే జాగ్రత్తగా తిరిగి తెచ్చిచ్చాడు.

గత వేసవిలో, అతని సంస్థ తయారుచేసిన పట్టణ ముసాయిదా పటం ప్రకటించారు. అభ్యంతరాలకు నెల రోజులు గడువు. వలలపేట ఉన్నచోట 'ఖాళీ స్థలం, ప్రతిపాదిత గిడ్డంగులు' అని ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో 'ఆధారం: శారదాంబ సర్వే' అని ఉంది.

ఆ కాగితం పట్టుకొని పేట నుంచి ఆనందమ్మ వచ్చింది. చేపలు ఎండబెట్టుకుని బతికే మనిషి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీ పిల్లలు మా వాకిట్లోనే కూర్చుని పెన్సిళ్లు చెక్కుకునేవాళ్లండీ. మంచినీళ్లడిగితే ఇచ్చాం. మీరూ తాగారు. నీళ్లు తాగిన ఇల్లు ఖాళీ స్థలం ఎట్లా అయిందండీ అమ్మగారూ?"

ఆనందమ్మ వెళ్లాక శారదాంబగారు శ్రీహర్షకు ఫోను చేశారు.

"నేనేమీ మార్చలేదు మేడం. తెలుపు మీరు వదిలిందే."

"తెలుపంటే ఏమిటని చెప్పాను?"

"చెప్పారు. పట్టికలో రాయలేదుగా. ఆఫీసులో చూసేది పట్టికే."

"నీకు చెప్పానుగా హర్షా."

"నాకు చెప్పారు మేడం."

అతని గొంతులో తడబాటు లేదు. తనే మళ్లీ అన్నాడు: "కావాలంటే నామీద అభ్యంతరం పెట్టండి. మీ పటాలు తెమ్మంటారు. ఇరవై ఆరింట్లోనూ తెలుపే ఉంటుంది. ఆ పటాలే తప్పని మీరు రాస్తే వేరే సంగతి. అది మీరు రాయరుగా."

పరాయివాడికి ఇది సాధ్యం కాదు. మన మాటలో ఏది రాతకెక్కలేదో తెలిసినవాడే ఇంత శుభ్రంగా దాన్ని కాదనగలడు. అతని ద్రోహంలో సందేహం లేదు. కానీ అతను దూరిన సందు ఆమె వదిలిందే. ఊరు దానంతటదే పెరగదు. ఒకరు రంగు వేస్తారు, మరొకరు రేపు అడుగుదామని వెళ్లిపోతారు. ఈ రెండో పని కూడా ఊరిని గీయడమేనని ఆమె పాఠంలో ఎన్నడూ లేదు.

ఆగస్టులో ఆ పటాలకు అద్దాలు బిగించి, కళాశాలలో ఆమె పేరుతో ఒక గది తెరవాలని అప్పటికే నిర్ణయమైపోయింది; పటాలు కూడా అక్కడికి పంపేశారు.

గడువుకు పన్నెండు రోజులు మిగిలాయి. పది సాయంత్రాలు ఆమె వలలపేటకు వెళ్లి ముప్పై ఎనిమిది ఇళ్లలో అడిగి, ఏ వాకిట్లో ఏమేమి పనులు జరుగుతాయో రాసుకున్నారు. రంగులు వాడలేదు. పదకొండో రోజున అభ్యంతర పత్రం దాఖలు చేశారు. తన పటాలు అసంపూర్ణమనీ, తెల్లగా వదిలిన ఏ చోటుకూ వాటిని ఆధారంగా తీసుకోరాదనీ, ఆ లోపం తనదేననీ అందులో రాశారు. శ్రీహర్ష పేరు రాయలేదు. ఇళ్ల జాబితా జతచేసి సంతకం పెట్టారు. ఆ మధ్యాహ్నమే కళాశాలకు వెళ్లి, గది వద్దని చెప్పి, పటాలు ఇంటికి తెచ్చుకున్నారు.