అమ్మ పెళ్లిచీర అంచులో ఆకుపచ్చ మంట

ఆ రోజుల్లో, అంటే ఊరంతా మూతికి గుడ్డ కట్టుకుని తిరిగిన రోజుల్లో, నేను చాలా సంతోషంగా ఉండేదాన్ని. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు. సూరత్‌లో మేముండే పర్వత్ పాటియాలో మగ్గాలు ఆగిపోయి, మా వీధిలో సగం గదులకు తాళాలు పడి, బాపు పనిలేక గోడకు ఆనుకుని కూర్చునే కాలంలో సంతోషమేమిటని మీరు అడగవచ్చు. కారణం చిన్నది. పన్నెండో తరగతి పాఠాలు ఫోనులో జరిగేవి, ఆ తెర మీద నేనొక నల్లటి గడిని. (గడిలో నా పేరు కనిపించేది, దాన్ని కూడా తీసేసే మార్గముందేమోనని చాలా వెతికాను.) ఎందుకు మాట్లాడవని అడిగేవాళ్లే లేరు.

ఆ సుఖం కెమిస్ట్రీ ప్రాక్టికల్ దాకానే. మా బెన్ (సూరత్‌లో టీచరమ్మను అలాగే పిలుస్తాం) అందరినీ బడి గేటు దగ్గరికి రమ్మని, తలా మూడు పొట్లాల తెల్లటి ఉప్పులు ఇచ్చింది. ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద ఒక్కొక్కటీ కాల్చి, మంట రంగు చూసి, అందులో ఉన్న లోహమేదో చెప్పాలి. కెమెరా ముందు. నోరు తెరిచి. ఇందులో తప్పితే చదువు మానేసి, అమ్మతో పాటు చీరలకు రాళ్లు అతికించే పనికి కూర్చోవాలని ఇంట్లో ముందే అనుకున్నారు. నాకు రాళ్ల మీద కోపం లేదు గానీ పుస్తకాలంటే ప్రాణం.

ఉప్పును మంటలో పెట్టడానికి సన్నటి తీగ కావాలి. పుస్తకంలో ప్లాటినం తీగ అని ఉంది. ఇంట్లో ఏం వాడాలో బెన్ చెప్పే సమయానికి నా ఫోను ఆగిపోయింది, మళ్లీ అడగడానికి నోరు రాలేదు. ప్లాటినం ఖరీదైనది కనక ఖరీదైన తీగ ఏదైనా పనికొస్తుందని సొంతంగా తేల్చుకున్నాను. నేతవాళ్ల ఇంట్లో ఖరీదైన తీగంటే వెండి జరీయే కదా. అమ్మ తన పెళ్లిచీర తీసి, అంచు చివర ఊడిన పోగులు కొన్ని పేని నా చేతికిచ్చింది. "మా మేనమామ తెచ్చిన అసలు ఎండి జరి ఇది. నీ పరీక్షకు దీనికన్న మంచిది దొర్కది" అంది.

పరీక్ష మొదలైంది. ఫోనును పిండి డబ్బాకు ఆనించి, జరీ ముక్కను పట్టకారుతో పట్టుకుని, మొదటి పొట్లంలో అద్ది మంటలో పెట్టాను. ఆకుపచ్చ. ఎంత అందమైన ఆకుపచ్చంటే, భయం మరిచిపోయి చూస్తూ ఉండిపోయాను. రాగి అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇంకో ముక్కతో రెండో పొట్లం. మళ్లీ ఆకుపచ్చ. మూడోది కాస్త పసుపు కలిసినట్టున్నా, చివరికి అదే ఆకుపచ్చ. నాకు ఏమీ అర్థం కాలేదు. అందరికీ వేరువేరుగా ఇచ్చి నాకొక్కదానికే మూడూ ఒకటే ఇచ్చిందా? రాగి ఉప్పు నీలంగా కదా ఉండాలి, ఇదెందుకు తెల్లగా ఉంది? ఈలోగా తెరలో నా భుజం మీదుగా బాపు ముక్కు ప్రత్యక్షమైంది. మగ్గం పనివాళ్లకు అదొక అలవాటు: ఎక్కడ పోగు కాలినా వాసన చూసి అది నూలో పట్టో చెప్పకుండా ఉండలేరు.

"పాలిస్టర్ వాసనొస్తున్నదేందే?" అన్నాడు.

"నా పెండ్లిచీరల పాలిస్టర్ ఏంది? జర ముక్కు కడుక్కో" అంటూ అమ్మ కూడా తెరలోకి వచ్చేసింది. (వాసన తెలియకపోతేనే భయపడే కాలమది. తెలిసినందుకు తిట్లు తిన్నది మా బాపు ఒక్కడేనేమో.)

బెన్ నవ్వలేదు. నేనెవరికీ రాగి ఇవ్వలేదే అంది. ఇక చదువు మానెయ్యడమేననుకున్నాను, రాళ్లు అతికించే జిగురు వాసన అప్పుడే నా ముక్కుకు తగిలినట్టయింది. ఉప్పేమీ లేకుండా ఒట్టి తీగను మంటలో పెట్టి చూడమంది బెన్. పెట్టాను. అదే ఆకుపచ్చ.

అంటే ఇంతసేపూ జవాబు చెప్పింది పొట్లాలు కావు, అమ్మ చీర: అది వెండి జరీ కాదు, రాగి పూసిన పాలిస్టర్. ఆ మాట బెన్‌కు చెబితే అమ్మ వింటుంది, చెప్పకపోతే పరీక్ష పోతుంది. రాగి ఉన్నది తీగలోనేనని గుజరాతీలో చెప్పాను, అమ్మకు అర్థం కాకూడదని. (ఇన్నేళ్లుగా సూరత్ వ్యాపారుల దగ్గర పని తెచ్చుకునే మనిషికి ఆ మాత్రం గుజరాతీ రాదనుకున్నాను చూడండి.) ఇనప తీగ ఉంటే మళ్లీ చెయ్యమంది బెన్. నేను దిక్కులు చూస్తుంటే వెనక నుంచి ఒక చెయ్యి వచ్చింది. అమ్మ తన గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి, వంపు సాగదీసి నాకిచ్చింది. నా చేతి చెమటకు మొదట మంట పసుపు తిరిగింది గానీ, బాగా కాల్చాక సర్దుకుంది. తర్వాత పొట్లాలు వాటి రంగులు అవి చెప్పాయి: ఇటుక ఎరుపు, లేత ఊదా, నిండు పసుపు. కాల్షియం, పొటాషియం, సోడియం అని నేను చెప్పాను. గట్టిగానే.

ఇప్పుడు కాలేజీ ల్యాబులో సరైన తీగే ఉంది. అయినా మంట ఆకుపచ్చగా లేస్తే ముందు పాలిస్టర్ వాసన వస్తుంది నాకు, ఆ నల్లగడి పిల్ల గుర్తొచ్చి నవ్వూ వస్తుంది. పరీక్షయిన సాయంత్రం అమ్మ చీర మడత పెడుతుంటే పక్కన కూర్చుని, అసలు జరీలో కూడా కాస్త రాగి కలుస్తుందట అని ఓదార్చబోయాను. (పాలిస్టర్ సంగతి నేను ఎత్తలేదు.) అమ్మ అంచు వెతికి, ఊడిన పోగు ఇంకొకటి లాగి నా చేతిలో పెట్టింది.

"జర మళ్ల కాల్చు బిడ్డా. పొద్దుగాల మీ బాపుతోటి కొట్లాటల ఆ రంగు నేను సరిగ సూడలే."