నేను గ్రౌండ్ బ్యాచ్‌లో చేరిన వైనం

ఒక ట్రాక్ ప్యాంటు మనిషి పరువును ఎంత దూరం పరుగెత్తించగలదో మీకు తెలియదు. నా పరువును సరిగ్గా నాలుగు వందల మీటర్లు పరుగెత్తించి, మహబూబాబాద్‌లో జనమందరి ముందు బోర్లా పడేసింది.

మా డిగ్రీ కాలేజీలో మనిషిని చూడగానే ఏ బ్యాచో చెప్పేసేవాళ్లం. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా అయితే లీడర్ల బ్యాచ్. సంకలో లావుపాటి గైడు ఉంటే గ్రూప్స్ బ్యాచ్. సెల్లుకు కర్ర తగిలించుకుని తిరిగితే రీల్స్ బ్యాచ్. అందరికంటే గొప్పది గ్రౌండ్ బ్యాచ్. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం తెల్లారకముందే పరుగెత్తి, ఆ ట్రాక్ ప్యాంట్లతోనే క్లాసుకు వచ్చేవాళ్లు. వాళ్లు కనబడితే క్యాంటీన్‌లో బెంచీ దానంతటదే ఖాళీ అయ్యేది. నాకు ఆ బెంచీ మీద ఆశ పుట్టింది. పరుగు మీద మాత్రం పుట్టలేదు.

తొర్రూరులో ట్రాక్ ప్యాంటు కొన్నాను. ఎనిమిదింటికి నిద్ర లేచి, బూట్లకు ఎర్రమట్టి పూసుకుని కాలేజీకి పోయేవాణ్ని. రోజుకు ఎన్ని రౌండ్లు కొడతావని జూనియర్లు అడిగితే, లెక్కపెట్టడం మానేశానని చెప్పేవాణ్ని. అందులో అబద్ధమేముంది, మీరే చెప్పండి.

జిల్లా పోటీల రోజు పొద్దున ఇద్దరబ్బాయిలు, ఇద్దరమ్మాయిలు కలిసి పరుగెత్తే మా రిలే జట్టులో ఒకడికి కాలు బెణికింది. నలుగురు లేకపోతే జట్టునే రానివ్వరు. ఆఖరి పరుగు సునీతది. బయ్యారం దగ్గరి తండా నుంచి రోజూ మొదటి బస్సుకు వచ్చి, ఏడాదిగా ఈ ఒక్క పోటీ కోసమే కష్టపడుతోంది. గెలిస్తే యూనివర్సిటీ పోటీలకు పంపుతారు. ఆటల సారు చూపు తిరిగి తిరిగి, పోటీలు చూడ్డానికి వచ్చిన నా బూట్ల మీద ఆగింది. కాదంటే గుట్టు బయటపడుతుంది, ఔనంటే ప్రాణం పోతుంది. ప్రాణమే పోనీ అనుకున్నాను.

మూడో పరుగు నాది. రిలే కట్టె నా చేతికి వచ్చేసరికి మేమే ముందున్నాం. సగం దూరం పరుగెత్తాను. మిగతా సగం ఏం చేశానో రీల్స్ బ్యాచ్ తీసిన వీడియో చూస్తేగాని చెప్పలేను. అందరికంటే వెనక కట్టెను సునీత చేతిలో పెట్టి గడ్డిలో పడ్డాను. తలెత్తేసరికి ఆమె ఒకరిని దాటింది. ఇంకొకరిని దాటింది. నొప్పి మరిచిపోయి లేచి నిలబడ్డాను. మనిషి అలా పరుగెత్తగా నేను అంతకుముందెన్నడూ చూడలేదు. వెంట్రుకవాసి తేడాతో గెలిచింది.

సిగ్గుతో దగ్గరికి పోయి, ఒక్కనాడూ గ్రౌండుకు రాలేదని ఒప్పుకున్నాను.

"నాకెరుకే గద అన్నా," అంది సునీత, నీళ్ల సీసా నాకే అందిస్తూ. "రోజు పొద్దుగాల గ్రౌండ్ల ఉండేది మేమే. నువ్వు ఎన్నడన్న కనవడ్డవా?"

"మరి సారుకు ఎందుకు చెప్పలే?"

"చెప్తే నలుగురం ఎట్లైతం? నువ్వు ఎన్కవడ్తవని ముందే లెక్కేసుకున్న. జర గట్టిగ ఉరికిన, గంతే."

ఆ గడ్డి మీదే ఒట్టు పెట్టుకున్నాను. సునీత పరుగెత్తే ప్రతి పోటీకీ పోతాను, గొంతు పోయేదాకా అరుస్తాను, సున్నం గీతకు మాత్రం ఇవతలే నిలబడతాను.