తాతారావు మాస్టారు గీసిన చెవి

తాతారావు మాస్టారు డ్రాయింగ్ పీరియడ్‌ని ఎవరికీ అరువిచ్చేవారు కారు. పరీక్షలు దగ్గర పడ్డాయని లెక్కల మాస్టారు వచ్చి అడిగితే, "లెక్కలు ఇంటి దగ్గర కూడా చేసుకుంటారండీ, బొమ్మలు వేసుకునేది ఇక్కడే కదండీ" అని నవ్వుతూనే తలుపు వేసేసేవారు. మా చేత పువ్వులూ జెండాలూ కాదు, చెవులు వేయించేవారు. వయసొస్తే ముఖం మారిపోతుంది, చెవి మాత్రం మారదనేవారు. కళ్యాణ్ అని నా క్లాస్‌మేట్. చిన్నప్పుడు కుక్క కరిచి వాడి ఎడమ చెవి పైన నొక్కు పడింది. క్లాసులో అందరం ఆ చెవి వేసినవాళ్ళమే.

కళ్యాణ్ అంటే మాస్టారికి ప్రాణం. పిల్లలు లేని ఇల్లు వాళ్ళది. తండ్రి పోయిన కళ్యాణ్ బడి అయ్యాక అక్కడే తిని, అక్కడే బొమ్మలు వేసుకునేవాడు. మాస్టారి భార్య అన్నపూర్ణగారు వాడి కోసం మీగడ తీసి దాచేవారు. పదో తరగతిలో వాడు పెన్సిల్‌తో వేసిన మాస్టారి బొమ్మ వాళ్ళ ముందుగదిలో వేలాడేది. తర్వాత వాడు హైదరాబాదులో ఉన్నాడన్నారు, దుబాయ్‌లో అన్నారు. ఒక్క ఫోనైనా చేసి చావలేదు.

రిటైరయ్యాక మాస్టారు, ఫోటో లేని ఇళ్ళకి, చనిపోయినవాళ్ళ బొమ్మలు వేసిచ్చేవారు. ముక్కు ఎలా ఉండేదని అడిగేవారు కారు. "మీ అమ్మగారి ముక్కు మీ ఇంట్లో ఎవరికొచ్చిందండీ?" అని అడిగి, ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకునేవారు. రాజోల్లో నాది ఫ్లెక్సీల షాపు. ఆయన బొమ్మలు స్కాన్ చేసి ఫ్రేములు కట్టించడం నా పని.

పోయినేడు వేసవిలో ఉప్పలగుప్తం నుంచి దానమ్మ వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. కూతురు యామినిని ఒక ఏజెంటు ఇంటిపనికని మస్కట్ పంపాడు. ఆ పిల్ల ఒక్కసారి ఫోన్ చేసి, "అమ్మా, గదిలో ఎట్టి తాళం ఏసేత్తున్నారే, కొడతన్నారే" అని ఏడ్చింది. మళ్ళీ ఫోన్ రాలేదు. ఏజెంటు నంబరు పని చేయడం లేదు. పేరు రాజేష్ అన్నాడట. పోలీస్ స్టేషన్లో వాడి ఫోటో ఏదన్నారు. రావులపాలెం బస్టాండులో చూసిన ఆ ముఖం దానమ్మ కళ్ళల్లో తప్ప ఇంకెక్కడా లేదు.

"పోయినోళ్ళ బొమ్మలేత్తారంట కదండీ. నా పిల్ల ఇంకా పోలేదండీ. ఆడి బొమ్మ ఏసిపెట్టండి బాబూ" అంది.

మాస్టారు పెన్సిల్ చెక్కారు. "నుదురు మీ ఊళ్ళో ఎవరి నుదురులా ఉంటుందమ్మా?"

"మా పాస్టరుగారి లాగండీ, ఎడల్పు. ముక్కు ఈడి ముక్కేనండీ" అని తోడొచ్చిన తమ్ముణ్ణి చూపించింది.

చెరిపి, దిద్ది, మళ్ళీ చెరిపి కాగితం మీద ముఖం నిలబెట్టారు మాస్టారు. ఎక్కడో చూసినట్టే ఉంది గానీ, గడ్డం, నిండు బుగ్గలు, నాకు ఆనవాలు దొరకలేదు.

"చెవులు?" అన్నారు.

"ఎడం చెవి పైన ఎవరో కొరికినట్టుంటదండీ."

పెన్సిల్ ఆగింది. మంచినీళ్ళు తెచ్చిన అన్నపూర్ణగారు కాగితం చూసి అలాగే నిలబడిపోయారు.

"చెయ్యి వణుకుతోందండీ మీకు. ఇంక చాల్లెండి" అన్నారావిడ.

దానమ్మ మా ముఖాలు మార్చి మార్చి చూసింది. తనేం తప్పు మాట్లాడిందోనని భయపడి, "చెవి లేకపోయినా పర్లేదండీ" అంది. మాస్టారు ఆపేస్తే నేనే చెప్పెయ్యాలని పళ్ళు బిగపట్టి కూర్చున్నాను. చెప్పాక ఆ గుమ్మం మళ్ళీ ఏ ముఖంతో ఎక్కాలో తెలియలేదు.

"చెవి లేకపోతే ఇంకెవరో అయిపోతాడమ్మా" అన్నారు మాస్టారు, కాగితం దగ్గరికి లాక్కుని.

తొందరపడకుండా, మాకు నేర్పినట్టే, పై వంపు నుంచి కిందికి చెవి వేశారు. నొక్కూ పెట్టారు. అడుగున పేరు, తండ్రి పేరు, ఊరు రాశారు. "వాడు రాజేష్ కాదమ్మా, కళ్యాణ్. నాకు తెలిసినవాడే" అని కాగితం నా చేతిలో పెట్టారు. "సత్యదుర్గా, కాపీలు తీసి ఇచ్చెయ్యి. స్టేషనుకి నువ్వూ వెళ్ళు."

అన్నపూర్ణగారు లోపలికెళ్ళి తలుపు వేసుకున్నారు.

కళ్యాణ్ దొరికాడు. వాడు కక్కిన అడ్రసుతో యామిని జాడ తెలిసింది, ఇంటికి చేరింది. మాస్టారు మళ్ళీ పెన్సిల్ పట్టలేదు. ముందుగదిలో వాడు వేసిన బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. "అది తీసెయ్యండి మాస్టారూ" అన్నానొకసారి. "బాగా వేసేడు కదే. బాలేదని ఎలా అనేది?" అన్నారు.

మొన్న కార్తీకంలో ఆయన పోయారు. బడిలో సంతాప సభ పెట్టాం. ఊరందరి బొమ్మలూ వేసిన మనిషికి సరైన ఫోటో ఒక్కటీ లేదు. ఆ పెన్సిల్ బొమ్మకే దండ వేశాం. యామినిని వెంటబెట్టుకుని దానమ్మ వచ్చింది. బొమ్మని చూసి చూసి, అన్నపూర్ణగారి పక్కన కూర్చుంది.

"అచ్చం మాస్టారుగారేనండీ. ఎవరేసేరండీ?"

నేను మాట మార్చబోయాను. ఈలోగానే అన్నపూర్ణగారు, "మా పిల్లాడే వేసేడమ్మా" అన్నారు.

దానమ్మ బొమ్మకేసి తిరిగి చేతులు జోడించింది. "ఆ బాబు చేతులు సల్లగుండాలమ్మా."

"ఆయ్" అన్నారు అన్నపూర్ణగారు.