చెమ్మ గోడ, ఇద్దరు పెయింటర్లు

అక్కకి నెలలు నిండుతున్నాయి. అమ్మ లేదు కాబట్టి పురుడు అత్తవారింట్లోనే, అమలాపురంలో. పుట్టింటి తరఫున వెళ్ళింది నేను. హైదరాబాద్ నుంచి లాప్‌టాప్, ఛార్జర్లు, అమ్మ పాత చీరలతో కుట్టించిన బొంత పట్టుకుని దిగాను. బిడ్డతో అక్క పడుకోవలసిన గది చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. కిటికీ కింద గోడంతా చెమ్మ. పెచ్చులు లేచాయి, మూలల్లో నల్లటి మచ్చలు. అక్కకి అసలే ఆయాసం.

"వానాకాలం ఇక్కడ గోడలన్నీ ఇంతేనమ్మా," అన్నారు అక్క అత్తగారు.

"ఇంతేనని వదిలేస్తే ఎలా అత్తయ్యగారూ?"

అమ్మ ఉంటే ఈ గదిని ఇలా ఉండనిచ్చేది కాదు. ఆ మాట పైకి అనలేదుగానీ, పెయింటర్ని వెతకడం ఆ క్షణం నుంచే నా పనైపోయింది.

ఫోన్లో దొరికిన మొదటతను ఫోటోలు పంపాడు. అద్దంలా మెరిసే గోడలు. "రెండ్రోజుల్లో కొట్టిచ్చేస్తానండి, మీరు రంగు చెప్పండి చాలు," అన్నాడు. లేత పసుపు అని చెప్పేశాను కూడా.

"అతను వేసిన ఇల్లొకటి చూసొద్దాం పద," అన్నారు అత్తయ్యగారు.

"ఫోటోలు చూశాం కదండీ!"

"వేసిన రోజు ఎవరిదైనా మెరుస్తాదమ్మా. వానలు పడ్డాక చూడాలి."

అతను రంగులు వేసిన ఒక ఇంటి గుర్తులు అతన్నే అడిగి, ఆటోలో కొత్తపేట వెళ్ళాం. ఆ ఇంటావిడ లోపలికి పిలిచి, టీ పెట్టి ఇచ్చింది. పెయింటరు ఎలా చేశాడని సూటిగా అడిగేశాను.

"ఆయ్, బాగా చేసేడండి. మంచోడండి పాపం."

చూశారా అన్నట్టు అత్తయ్యగారి వైపు తిరిగాను. ఆవిడ నన్ను పట్టించుకోలేదు. కొబ్బరికాయల గురించి, వానల గురించి తీరిగ్గా మాట్లాడి, లేవబోతూ అడిగారు: "వెనక వసారా ఇంకా వేయించాల్సినట్టుంది. అదీ అతనికే చెప్పేరా అండీ?"

ఇంటావిడ ఖాళీ గ్లాసులు అందుకుంటూ తల దించుకుంది. "లేదండి. అది వేరేవాళ్ళకి చెప్పేమండి."

"ఆయన నెంబరుంటే ఇస్తారా?" అన్నారు అత్తయ్యగారు, అంతే మెల్లగా.

వీధిలోకి రాగానే నేను కస్సుమన్నాను. "బాలేదని చెప్పొచ్చుగా! టీ ఇచ్చి మరీ అబద్ధం చెప్పడమేంటండీ?"

"అతనికీ పెళ్ళాం పిల్లలుంటారు. ముక్కూ మొహం తెలీని మన దగ్గర అతని పొట్టెందుకు కొడతాది? అలా అడక్కూడదమ్మా."

బిర్యానీ ఆలస్యమైతే ఒక్క స్టార్ ఇచ్చి, కింద పేరా రాసే మనిషిని నేను. ఇక్కడ ఎవరినీ చెడ్డగా చెప్పరు. మళ్ళీ పిలవరు, అంతే. మరి కొత్తగా వచ్చినవాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఆ మర్యాద మీద నా కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ నా ఒక్క స్టార్ ఎవరింట్లో ఎవరి అన్నం మీద పడిందో నేనూ ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆవిడిచ్చిన నెంబరుకి ఫోన్ చేస్తే, ఆ రెండో పెయింటరు రేపొస్తానని చెప్పి, ఎల్లుండి వచ్చాడు. వస్తూనే కిటికీ రంగు దరిద్రంగా ఉందన్నాడు. గోడ మీద అరచెయ్యి ఆనించి, తీసి, ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"ఇప్పుడు వెయ్యనండి. ఎండలు ముదిరేక వస్తాను."

"బిడ్డ వచ్చే వారం పుడుతుందండీ!"

"పుట్టనివ్వండి. ఆ బిడ్డకి గోడ రంగుతో పనేటండి?"

"మీకసలు పని కావాలా వద్దా?"

"కావాలండి. రంగు కింద పెట్టే లప్పం తడిమీద పెడితే నెల్లాళ్ళకి ఊడుతాది. తర్వాత ఈ వీధిలో నన్నెవరు పిలుస్తారండి?"

అతను వెళ్ళాక ఫోన్ చూస్తే మొదటి పెయింటరు మెసేజ్: "రేపు రమ్మంటారా మేడం?" రమ్మని టైప్ చేశాను కూడా. మంచం మీంచి అక్క పిలిచింది.

"అమ్మ ఉంటే ఏం చేసేదో తెలుసా?"

"రంగులు వేయించేది."

"మంచం ముందుగదిలోకి లాగించేది. నీలాగా అందరి మీదా అరుస్తూ."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. టైప్ చేసింది చెరిపేసి, వద్దని రాశాను. ముందుగదికి పొద్దున్నే ఎండొస్తుంది. టీవీ వసారాలోకి పోయిందని బావగారు రెండ్రోజులు సణిగారు. పుట్టిన పాపని అమ్మ చీరల బొంత మీద పడుకోబెట్టింది ఆ ముందుగదిలోనే. చెమ్మ గది కిటికీలు బార్లా తెరిచి, తలుపు మూసేశాం.

ఎండలు ముదిరాక అక్క వీడియో కాల్ చేసింది. నేను హైదరాబాద్‌లో ఉన్నాను. ఆమె వెనక నుంచి గోడ గీకుతున్న చప్పుడు, మధ్యలో కిటికీ రంగు గురించి ఆ రెండో పెయింటరు గొణుగుడు. అక్క చెప్పులేసుకుంటోంది, పాప అత్తయ్యగారి చంకలో ఉంది. టీకా వేయించడానికి బయల్దేరుతున్నారు.

"మరి ఇల్లు?" అన్నాను.

"పెయింటరుగారున్నారు కదే," అంది అక్క, గేటు తీస్తూ.