తగ్గింది అన్న మాట

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. రాప్తాడు దగ్గర మా ఊళ్ళో నాయనకు పచ్చకామెర్లు వచ్చాయి. పసరు మందు తాగి, ఉప్పులేని పథ్యం చేసినా కళ్ళలో పసుపు పోలేదు. అనంతపురం తెచ్చి ఆసుపత్రిలో చేర్చాం.

లివర్ కోసం చేసిన మొదటి రక్తపరీక్షలో, మామూలుగా యాభై లోపు ఉండాల్సిన ఎస్‌జీపీటీ అనే అంకె వేలల్లో ఉంది. రెండోసారి వందల్లోకి దిగింది. రిపోర్టు చేతికి రాగానే వార్డులోకి పరిగెత్తాను.

"తగ్గింది నాయనా!"

"అట్లయితే మీయమ్మకు చెప్పు. ఈపొద్దు సంగటిలోకి ఉప్పేసి ఊరిబిండి నూరుకొని రమ్మను."

డాక్టరమ్మ ఆ కాగితం చూసి నన్ను వరండాలోకి పిలిచింది.

"లివర్ కణాలు చచ్చేటప్పుడు ఇది రక్తంలోకి కారుతుంది బాబూ. ఇప్పుడు కారడానికి కణాలే మిగల్లేదు. కామెర్ల అంకె చూడు, ఇంకా పెరిగింది. రక్తం గడ్డకట్టడం కూడా లేదు."

"బెంగళూరుకు తీసుకపోతే మేడం?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

లోపలికి వెళ్ళేసరికి నాయన పక్కమంచం ఆయనతో అంటున్నాడు. "నాకు తగ్గిందంటన్నా. మావోడు సదువుకున్నోడు, చూసి చెప్పినాడు." నన్ను చూసి, "ఉప్పు సంగతి చెప్తివా?" అని అడిగాడు.

"చెప్పినా నాయనా" అన్నాను. మళ్ళీ బయటికొచ్చి అమ్మకు కబురు పంపాను.

సాయంత్రం అమ్మ తెచ్చిన ఊరిబిండి పచ్చడిని నాయన వేలితో నాకి నాకి తిన్నాడు. ఆ వారం దాటలేదు.

ఈరోజుకీ మా ఇంట్లో ఎవరికైనా జ్వరం దిగితే నేను తగ్గింది అనను. బాగైంది అంటాను.