గుడ్నీ వెనక్కి తెచ్చుకున్న ఇరవై తూటాలు

గుడ్నీ హౌగ్‌సెత్ ముప్పై ఏళ్లు ఆ లోయలో ఉత్తరాలు పంచింది. ఆ ఉద్యోగం అయిపోయాక మెట్ల కింది చిన్న గదిలో ఒక బల్ల వేయించుకుని, తన వేటకు కావలసిన తూటాలు తనే తయారుచేసుకోవడం మొదలుపెట్టింది. కాల్చిన ఇత్తడి గొట్టాలను తోమి, కొత్త తుపాకిమందు తూచి పోసి, పైన గుండు బిగించేది. కళ్లద్దాలు పెట్టుకోకుండా బల్ల ముందు కూర్చునేది కాదు. బల్ల మీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా ఉండాలి. గదిలోకి ఫోనూ రేడియో రాకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా అర్విద్ రాకూడదు.

అర్విద్ ఆమె భర్త. జీవితమంతా బస్సు నడిపాడు. ఎక్కిన ప్రతివాడితోనూ కబుర్లాడినవాడికి ఇంట్లో నోరు కట్టేసుకోమంటే ఎలా?

"కాఫీ తాగుతావా అని అడగడం కూడా నేరమేనా?" అన్నాడొకసారి తలుపు బయట నుంచి.

"నువ్వు అడిగితే నేను లెక్క తప్పుతా. ఒకదాంట్లో రెండుసార్లు మందు పోస్తే నువ్వు కాఫీ ఇవ్వడానికి పెళ్లాం ఉండదు."

ఆ మాటకు అతను నవ్వాడు గానీ మళ్లీ ఆ తలుపు తట్టలేదు.

ఆ సెప్టెంబరులో గుడ్నీ అడవికోళ్ల వేట కోసం తక్కువ మందుతో తూటాలు చేస్తోంది. దానికి వాడేది చురుగ్గా మండే మందు. దుప్పుల తూటాలకు నెమ్మదిగా మండేది వాడాలి, రెండూ కలిస్తే తుపాకే పగిలిపోతుంది. సగంలో ఉండగా పక్కింటి గొర్రెలు కంచె దాటి వాళ్ల క్యాబేజీ మడిలో పడ్డాయి. ఆమె డబ్బాను బీరువాలో పెట్టింది గానీ, మందు కొలిచి పోసే గరాటులో మిగిలినదాన్ని అలాగే వదిలేసి పరుగెత్తింది.

మర్నాడు ఆమె పుట్టినరోజు. ఆమె గొర్రెల వెంట తిరుగుతున్నంతసేపూ అర్విద్ ఆ గదిని అద్దంలా తుడిచిపెట్టాడు. గరాటులోని మందును బీరువాలో చేతికందిన డబ్బాలో పోసి మూత బిగించాడు. గుడ్నీ వచ్చి చూసి మురిసిపోయింది. గరాటు ఖాళీగా ఉంటే తనే ఖాళీ చేసి వెళ్లాననుకుంది.

రెండు రోజుల తర్వాత ఆమె తమ్ముడు ఎంబ్రెట్ వచ్చాడు. అతని తుపాకి మరమ్మతులో ఉంది. దుప్పుల వేటకు ముందు ప్రతి ఏడూ నెగ్గాల్సిన గురి పరీక్ష ఆ సాయంత్రమే. అక్క తుపాకీ, ఆమె పొద్దున చేసిన ఇరవై తూటాలూ తీసుకుని వెళ్లాడు.

నాలుగింటికి భోజనానికి కూర్చున్నారు. గొర్రెమాంసం, క్యాబేజీ కలిపి ఉడికించిన కుండ మధ్యలో ఉంది.

"ఎంబ్రెట్‌కి నా శుభ్రత కూడా కలిసొస్తుందిలే. ఆ గరాటులో మందు కూడా పారబోయకుండా డబ్బాలో పోశాను," అన్నాడు అర్విద్.

గుడ్నీ ఫోర్కు కింద పెట్టింది. "ఏ డబ్బాలో?"

"ఎర్రమూతది. లేకపోతే రెండోది. ఏమో, అన్నీ మసిరంగే కదా."

ఆమె ఎంబ్రెట్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. కోటు అందుకుంది. అర్విద్ ఆమె వెనకే వెళ్లి కారు నడిపాడు. బస్సును ఎప్పుడూ అంత వేగంగా తోలలేదు. పక్కనున్న గుడ్నీ ముందుకు చూస్తూ, "మలుపుల దగ్గర నెమ్మది," అని మాత్రం అంది.

కాల్పుల మైదానంలో ఎంబ్రెట్ అప్పటికే తుపాకి నింపుకుని, గురిపెట్టడానికి బోర్లా పడుకుని ఉన్నాడు. గుడ్నీ కారు దిగుతూనే, "ఆపండి," అని అరిచింది. అక్కడ ఆ మాట వింటే ఎవరైనా సరే తుపాకి దించాల్సిందే. అందరూ దించారు.

"ఏంటక్కా, వరసలో తర్వాత నేనే."

"బోల్టు తెరువు. తూటా నా చేతిలో పెట్టు."

"మొత్తం ఊరి ముందు నా పరువు తీస్తున్నావ్."

"పరువేగా. మొహం ఉంటే మళ్లీ సంపాదించుకోవచ్చు."

ఆమె ఇరవై తూటాలూ లెక్కపెట్టి జేబులో వేసుకుంది. తర్వాత అక్కడున్నవాళ్లందరికీ వినబడేలా చెప్పింది: "గరాటులో మందు వదిలి లేచింది నేను. తర్వాత చూసుకోకుండా పని మొదలుపెట్టిందీ నేనే." అర్విద్ పేరు ఎత్తలేదు. అతను కారు పక్కన నిలబడి, తల దించుకుని విన్నాడు.

ఇంటికొచ్చి ఒక్కో తూటా విప్పింది. నెమ్మదిగా మండే పొడుగు గింజల మందులో చురుకు మందు సన్నటి పొలుసులు కలిసి ఉన్నాయి, ఏడింట్లో. ఆ పొలుసులు ఎక్కువున్న ఒకటి కాల్చి ఉంటే తుపాకి ఎంబ్రెట్ చెంప దగ్గరే పగిలేది. గుడ్నీ అర్విద్‌ను పిలిచి కాగితం మీద పోసిన ఆ కుప్పను చూపించింది. అతను కాగితం మీదికి వంగాడు.

"నీ తమ్ముడిని చంపేసేవాణ్ణి."

"ఇద్దరం కలిసి చంపేవాళ్లం. ఏడుపు తర్వాత, ముందు ఆ డబ్బాలు పట్టుకురా."

కలిసిన మందంతా పెరట్లో నేల మీద పల్చగా చల్లేశారు.

ఎంబ్రెట్ కొట్లో కొన్న తూటాలతో వారం తర్వాత పరీక్ష నెగ్గాడు. గుడ్నీ వంటింట్లోంచి ఒక కుర్చీ తెచ్చి మెట్ల కింది గదిలో వేసింది. ఇప్పుడు ఆమె మందు పోశాక, గుండు బిగించకముందు అర్విద్ టార్చి వేసి ప్రతి గొట్టంలోకీ తొంగిచూస్తాడు. డబ్బా మీది పేరు పైకి చదువుతాడు. అంతకుమించి ఒక్క మాట కూడా ఉండదు.

మొదటి రోజు యాభై చూశాక బయటికొచ్చి, "నా కళ్లకి అద్దాలు మార్చాలే," అన్నాడు.

"రేపే వెళ్దాం," అంది గుడ్నీ, చేతులు కడుక్కుంటూ.