ఉప్పుటేటి ఒడ్డున కోయని గంపాకు

1956 అక్టోబరు 21, ఆదివారం. తెల్లవారి ఐదున్నరకు పలాస స్టేషను దగ్గరి సత్రంలో లేచి, తలకింద పెట్టుకు పడుకున్న, ఆకులు నొక్కి ఎండబెట్టే చెక్కల కట్టు విప్పాను. మందస కొండల్లో రెండు రోజులు తిరిగి కోసిన ఆకులన్నీ నల్లబడి ఉన్నాయి. కాగితం ఎత్తితే తడి గోనెసంచి వాసన. ఒక ఆకు మీద తెల్లటి బూజు నూలుపోగుల్లా లేచింది. ఎంత బిగించి కడితే అంత బాగా ఎండుతాయనుకుని, పెట్టినప్పటినుంచి ఒక్కసారి కూడా విప్పి చూడలేదు.

నేను విశాఖపట్నంలో బి.ఎస్సీ. మొదటి సంవత్సరం చదువుతున్నాను. దసరా సెలవులు అయ్యేసరికి ఒక్కొక్కరూ పది రకాల ఫెర్న్ మొక్కలు అడవిలోనో, నీటి ఒడ్డునో స్వయంగా కోసి, ఎండబెట్టి, రికార్డు పుస్తకంలో అంటించి ఇవ్వాలని మా మాస్టారు చెప్పారు. తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెబుతాను. ఫెర్న్‌లు పువ్వు పూయవు, కాయ కాయవు. ముదిరిన ఆకు వెనకవైపు గోధుమరంగు పొడి కడుతుంది. అవే సిద్ధబీజాలు. ఆ పొడి లేని ఆకు తెస్తే మాస్టారు మార్కులివ్వరు. "నౌపడా ఉప్పుకొఠార్లకు అవతల ఉప్పుటేటి బురదలో మనిషెత్తు పెరిగే ఫెర్న్ ఒకటుంది. ఇన్నేళ్ళలో దాన్ని బీజంతో సహా తెచ్చిన విద్యార్థి లేడు" అని ఆయన అన్న రోజునుంచి నాకు మరో ధ్యాస లేదు. ఎన్నడూ చూడని ఆ ఆకే నిద్రలో కూడా కనిపించేది. బుధవారం కాలేజీ తెరుస్తారు. ఈరోజు ఆ ఆకు సంపాదించి, రేపు మళ్ళీ మందస వెళ్ళి పోయినవి తిరిగి కోసుకోవాలని అప్పటికప్పుడు నిశ్చయించుకున్నాను.

మందస వైపు వెళ్ళేవాళ్ళు ఏవి ఎక్కడ వెతకాలో కూడా చెబుతాను. కొండ దిగువ తోటల్లో పాత పనసచెట్ల మానులకు ఒక ఫెర్న్ పట్టుకుని ఉంటుంది. దానికి రెండు రకాల ఆకులు. మానుకు అతుక్కుని ఎండిన దోనెల్లా ఉండేవి కొన్ని, పైకి పచ్చగా చాచుకునేవి కొన్ని. రాతి పగుళ్ళలో జానెడు ఎత్తున మరొకటి ఉంటుంది. దాని ఆకు అడుగు సున్నం పూసినట్టు తెలుపు. ముంజేతి మీద వేసి చరిస్తే ఆకు అచ్చు తెల్లగా పడుతుంది. తీగలా కంచెలకు అల్లుకునేది మూడోది. ఇవన్నీ నిన్న నా దగ్గర పచ్చగా ఉండేవి.

ఏడింటికి కాశీబుగ్గలో టెక్కలి బస్సెక్కాను. టిక్కెట్టు తొమ్మిదణాలు. గంటా పావు ప్రయాణం. టెక్కలిలో ఇడ్లీ తిని పాత వీధుల్లో పడ్డాను. ఫెర్న్ కావాలంటే ముందు పాత బావి వెతకాలి. రాతి ఒర ఉన్న బావి లోపల, ఎండ తగలనిచోట, నల్లని తీగెల్లాంటి కాడలకు చిన్న చిన్న ఆకులు వేలాడుతుంటాయి. వాటి మీద నీళ్ళు పోస్తే జారిపోతాయే గానీ తడవవు. ఒక పురోహితుల ఇంటి పెరట్లో అలాంటి బావి కనిపించి, గట్టు మీద బోర్లా పడుకుని చెయ్యి చాచాను.

"ఏం పోయింది నాయనా బావిలో?" అంటూ ఆ ఇంటావిడ పరుగున వచ్చింది.

"ఏమీ పోలేదండి పిన్నిగారూ. ఆ ఆకు ఒక్కటి కోసుకుంటాను."

"నువ్వు పడితే మీ అమ్మకు నేను జవాబు చెప్పాలి. లే, లే. చేదకు కొక్కెం కట్టి లాగు, వస్తుంది."

వచ్చింది. సంగతి తెలిశాక ఆవిడే నన్ను దొడ్డిగోడ దగ్గరకు తీసుకెళ్ళి, ఇటుకల సందుల్లో విసనకర్రల్లా విచ్చుకున్న చిన్న మొక్కలు చూపించింది. "దీన్ని మయూరశిఖ అంటారు. మా మామగారు మందుకు వాడేవారు. వేసవిలో ముడుచుకుని చచ్చినట్టుంటుంది. ఒక్క వాన పడితే చాలు, లేచి కూర్చుంటుంది" అంది. మా పాఠాల్లో ఒక్క ఫెర్న్‌కీ తెలుగు పేరు లేదు. ఈమధ్య నాకు మాటల మీద మోజు పట్టుకుంది. మయూరశిఖ అని నోటుపుస్తకంలో రాసుకుని, వీధి చివరిదాకా నాలో నేను అనుకుంటూనే నడిచాను. ఊరి బయట వరిచేల కాలవలో నాలుగు రెక్కల ఆకులతో నీటి మీద తేలే ఫెర్న్ కూడా దొరికింది. చూస్తే ఎవరూ దాన్ని ఫెర్న్ అనుకోరు.

పదకొండింటికి టెక్కలిలో చిన్న రైలెక్కి అరగంటలో నౌపడా చేరాను. మూడణాలు. అక్కణ్ణించి సముద్రం ఒడ్డు పల్లె ఐదారు మైళ్ళు. స్టేషనులో ఉప్పు దించి ఖాళీగా తిరిగి వెళ్తున్న ఎడ్లబండి ఒకటి దొరికింది. బండాయన ఒక అణా పుచ్చుకుని ఎక్కించుకున్నాడు గానీ, దారంతా నా చెక్కల కట్టు మీదే ఆయన చూపు.

"ఆకులేటికి బాబూ, మందుకా?"

"చదువుకి."

"ఆకులు సదివితే ఉజ్జోగం ఇత్తారేటి?"

"తెలియదు మావా."

"అలగయితే మా ఊరి మేకలు ఈపాటికి తాసీల్దార్లయిపోవాల!" అని తనే పగలబడి నవ్వి, ఎడ్లను అదిలించాడు.

సంతబొమ్మాళి దాటాక కొబ్బరి, జీడి తోటల మధ్య ఇసుక దారి. తోటల చివర నన్ను దింపి, "అదిగో, ఉప్పుటేరు" అని చూపించి వెళ్ళిపోయాడు. అప్పటికి రెండు కావస్తోంది. ఇన్నాళ్ళు కలగన్న ఆకు ఒడ్డు పొడుగునా ఉంది. తోలులాంటి దళసరి ఆకులు, ఉప్పునీళ్ళలో వేళ్ళు. కానీ ప్రతి దుబ్బూ మోకాలెత్తున కోసేసి ఉంది. మిగిలినవన్నీ లేతవి. వెనక్కి తిప్పి చూస్తే నున్నగా, ఖాళీగా ఉన్నాయి. ముప్పావుగంట బురదలో నడిచాను. కారణం ఎదురుగానే వచ్చింది. చేపల గంపలు నెత్తిన పెట్టుకుని వస్తున్న ఆడవాళ్ళ గంపలన్నిటి మీదా ఈ ఆకే కప్పి ఉంది. ఎండ తగలకుండా చేపలను చల్లగా ఉంచుతుందట. దీన్ని గంపాకు అంటారట. రోజూ కోస్తుంటే ముదిరేదెప్పుడు, బీజం కట్టేదెప్పుడు? మాస్టారి దగ్గరకు ఇన్నేళ్ళు ఎవరూ ఎందుకు తేలేకపోయారో అప్పుడర్థమైంది.

వెనక్కి తిరగబోతుండగా, ఏరు దాటే రేవు పక్కన ఒక్క దుబ్బు కనిపించింది. నాకంటే ఎత్తు. ఒక్కరూ ముట్టుకున్నట్టు లేదు. నడిమి ఆకు చివరి రెక్కలు గోధుమరంగులో మెరుస్తున్నాయి. చాకు తీశాను.

"ఓ బాబూ! సెయ్యి తియ్!"

ఇసుకలో నెత్తళ్ళ చేపలు ఎండబెడుతున్న ఒకామె చేతిలో చీపురుతో సహా వచ్చి నాకూ మొక్కకూ మధ్య నిలబడింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. పేరు నూకమ్మ అని తర్వాత తెలిసింది.

"ఏరంతా ఉంది కదా ఆకు. దీనిమీదే పడ్డావేటి?"

"మిగతావన్నీ లేతవమ్మా. నాకు ముదిరింది కావాలి."

"ముదిరింది గొడ్డు కూడా తినదు. నీకేటికి?"

ఆకు చివర వంచి, వెనక చూపించాను. వేలితో రాస్తే పొడి రాలింది. దీని విత్తనం ఇదేనని, ఇది గాలికి పోయి తడి దొరికినచోట మొలుస్తుందని చెప్పాను. ఆమె కూడా వేలు పెట్టి చూసి, వేలిని చాలాసేపు చూసుకుంది.

"నాలుగేళ్ళబట్టి సూత్తన్నాను. తుప్పట్టిందనుకున్నాను" అంది.

నాలుగేళ్ళ కిందట ఆమె భర్త రంగం వెళ్ళాడు. రంగూనుని ఇక్కడివాళ్ళు రంగం అంటారు. ఈ దుబ్బు పక్కనుంచే దిగి, ఈ రేవులోనే ఏరు దాటాడు. ఆ రోజునుంచి దీన్ని ఎవరినీ కోయనివ్వలేదు. "ఎందుకంటే ఏటి సెప్పను? ఊరికే" అంది. ఉత్తరం వచ్చి పద్నాలుగు నెలలైంది. తెప్ప మీద అతని చోటు ఇంతవరకూ ఖాళీగా ఉంచారు. కార్తీక పున్నమి దాటితే ఆ చోట్లో వేరే మనిషిని ఎక్కించుకుంటానని మరిది చెప్పేశాడు. అతను వస్తాడో రాడో ఆలోగా తెలియాలి.

"మా బడి మాస్టారుబాబు సేత మూడు కాయితాలు రాయించాను. నానేటి సెప్పినా ఆయన ఉబయకుసలోపరి అనే రాత్తాడు. అది సదివితే మా మావకి నాను రాసినట్టు ఎలగ తెలుత్తాది? నువ్వు నాను సెప్పింది సెప్పినట్టు రాత్తావా? రాత్తే ఆకు ఇత్తాను."

రాస్తానన్నాను. కాగితం కోసం కట్టు విప్పగానే నా తడి కాగితాలు, నల్లబడ్డ ఆకులు ఆమె కంటబడ్డాయి.

"ఓలమ్మో, ఇదేటి బాబూ! ఆకుల్ని ఎండబెట్టినావా, ఊరగాయెట్టినావా?"

"బిగించి కట్టాను కదా అని..."

"సేపనైనా ఆకునైనా కట్టి కూకోబెడితే కుల్లిపోద్ది. తిరగెయ్యాల. అలగని ఒకేపాలి మండుటెండలో ఎయ్యకు. పైన ఎండి నోపల పచ్చిగుంటాది."

తడి కాగితాలన్నీ తీసేయించింది. కాలే ఇసుక మీద పరిచి పొడిచేసిన కాగితాల మధ్య నా టెక్కలి ఆకులు మార్పించింది. అప్పుడు తనే కత్తి తెచ్చి, దుబ్బు నడిమి ఆకును మొదటికంటా ఒక్క వేటుకు కోసింది. కోశాక మొక్కవైపు చూడలేదు. ఆకు నా చేతికిచ్చి, ఇంటి అరుగు మీద కూర్చుని, "ఇక రాయి" అంది.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. అందులో కొంచెం ఇక్కడ రాయడానికి ఆమే ఒప్పుకుంది: "మావా, నాను నూకమ్మని. అందరం బాగున్నాం అని రాయిత్తే నమ్మకు, నాను బాగునేను. రాత్తే సేతులరిగిపోతాయేటి నీకు? అక్కడ ఎవుతినైనా సేసుకుంటే సేసుకున్నానని రాయి, ఒకపాలి ఏడిసి ఊరుకుంటాను. సేసుకోకపోతే పున్నమినోపల రా. తెప్పమీద నీ సోటు కాలీగుంది. నువ్వు ఎల్లిన రేవుకాడ గంపాకు కొయ్యనివ్వనేదు. అది ముదిరి ఇత్తనం కట్టింది. నమ్మవేమోనని ఇందులో ఎడతన్నాను, సూసుకో."

చదివి వినిపించాను. "ఊ. ఇది నానే" అంది.

పెట్టడానికి ఆకు చివరి రెక్క కావాలి. బీజం దట్టంగా కట్టింది ఆ ఒక్కటే. కింది రెక్కల్లో అక్కడక్కడా కొంచెమే ఉంది. నా చెయ్యి ఒక్క క్షణం ఆగిందని ఒప్పుకుంటాను. నేనే తుంచి ఇచ్చాను. దాన్ని రెండు అద్దుడు కాగితాల మధ్య పెట్టి, గంజి వార్చిన వేడి కుండ కింద అణిచింది. కుండ చల్లారినప్పుడల్లా కాగితాలు మార్చాం. పొద్దు వాలేసరికి నీరు వదిలి, గోధుమరంగు చెదరకుండా పలచబడింది. చిరునామాకు భర్త పేరు ఆమె నోటితో చెప్పదు. దాచుకున్న పాత కవరు తెచ్చి ఇస్తే, దాన్ని చూసి రాశాను.

ఇప్పుడు పల్లె బడి వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను. చీకటి పడకముందే ముగించాలి. ఇన్ని నెలలు ఒక ఆకు కోసం నేను పడ్డ ఆరాటం పెద్దదనుకున్నాను. ఏటి అవతలికి చూస్తూ ఆమె నాలుగేళ్ళు ఆ మొక్కను కాచింది. అందుకే అది ముదిరింది, అందుకే నాకు దొరికింది. సముద్రం అవతలి ఒడ్డున అతను చదువుతాడో, చదివి నవ్వుతాడో, కవరు అసలు చేరుతుందో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. అయినా ఇందాకటినుంచి తూర్పు వైపే చూస్తున్నాను.

ఇటు వచ్చేవాళ్ళకు ఒక్క సలహా: పొడి కాగితాలు మీరనుకున్నదానికి రెండింతలు తెచ్చుకోండి. మొదటి రెండు రోజులూ పూటకోసారి తప్పకుండా మార్చండి.

రికార్డులో ఈ ఆకు కింద రాయవలసింది ఇప్పుడే రాసేశాను: "ఉప్పుటేటి ఒడ్డు, బురద నేల. స్థానిక నామం గంపాకు. కోసినది నూకమ్మ. చివరి రెక్క రంగూను వెళ్ళింది."

రేపు తెల్లవారకముందే నడక మొదలుపెట్టి, నౌపడాలో పొద్దుటి రైలెక్కి పలాస చేరతాను. మందస కొండకు వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావాలంటే ఎనిమిది గంటల బస్సొక్కటే. మర్నాడు విశాఖకు తిరుగు ప్రయాణం. నాతో పంపిన నూకమ్మ కవరుకు పరదేశానికి ఎంత తపాలా బిళ్ళ అంటించాలో అడగాలంటే తపాలా కచేరీ పదింటికి గానీ తెరవరు. బస్సు వెళ్ళిపోనిస్తాను.